పాత బుల్లెట్‌కి అసలు రంగు, అసలు బ్యాడ్జీ: నా అనుభవం

పాత బుల్లెట్‌కి పెయింట్ వేయించాలనుకోగానే అందరూ పెయింటర్ కోసం వెతుకుతారు. పెయింటర్ పని చివర్లో వస్తుంది. ముందు చెయ్యాల్సింది బండి మీదున్న పాత పొరల్ని చదవడం. ఆ పని చెయ్యకుండా భాగాలన్నీ బ్లాస్టింగుకి (ఇసుక కొట్టి పాత పెయింట్ ఊడగొట్టే పనికి) పంపేస్తే, బండి ఏ రంగుతో ఫ్యాక్టరీ గేటు దాటిందో చెప్పే సాక్ష్యమంతా ఒక్క పూటలో దుమ్మయిపోతుంది. మళ్ళీ దొరకదు.

ఇక్కడ రాస్తున్నది 1978 బుల్లెట్ 350 స్టాండర్డ్ గురించి. మద్రాసు తిరువొత్తియూరులోని ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో తయారై, ఆ ఊళ్ళోనే తిరిగిన బండి. పని మొదలుపెట్టేనాటికి ట్యాంకు మెటాలిక్ నీలం, మడ్‌గార్డులు నలుపు, టూల్‌బాక్సు నీలం, ఎయిర్‌ఫిల్టర్ బాక్సు నలుపు. ట్యాంకుకి రెండు పక్కలా రెక్కల 'రాయల్ ఎన్‌ఫీల్డ్' స్టిక్కర్లు. నీలం ఫ్యాక్టరీది కాదని తెలుస్తూనే ఉంది. పెట్రోలు మూత చుట్టూ, ట్యాంకు అడుగున పెయింట్ గన్ అందని చోట్ల వేరే రంగు తొంగిచూస్తోంది.

ముందు ఆర్‌సీ తీసి రంగు గడిలో ఏముందో చూశాను. 'బ్లాక్' అని ఉంది. అంతమాత్రాన అదే అసలు రంగని తేల్చుకోకూడదు. పాత పుస్తకం నుంచి కొత్త కార్డుకి మార్చిన రోజున బండి మీద ఏ రంగుంటే అదే ఎక్కించి ఉండొచ్చు. ఆర్‌సీ ఒక ఆధారం మాత్రమే. బండి రేకు చెప్పేది దానికంటే గట్టి ఆధారం.

పొరలు చదవడం

ఏ భాగమూ విప్పకముందే ఫొటోలు తీశాను. ప్రతి ఫొటోలోనూ స్టీలు స్కేలు కనబడేలా పెట్టాను. బ్యాడ్జీ ట్యాంకు అంచు నుంచి ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో, గీత ఎక్కడ వంపు తిరిగిందో తర్వాత ఎవరినీ అడిగే పని ఉండకూడదు. ఫొటోలో స్కేలు లేకపోతే ఆ ఫొటో కొలతలకి పనికిరాదు.

అసలు రంగు బతికుండే చోట్లు కొన్నున్నాయి. ట్యాంకు అడుగున ఫ్రేమ్ ట్యూబు కూర్చునే గాడి, పెట్రోలు ట్యాప్ వాషర్ కింద, బ్యాడ్జీ కింద, వెనక మడ్‌గార్డుకి నంబరు ప్లేటు అతుక్కున్న చోటు, టూల్‌బాక్సు మూత లోపలి వైపు, సీటు కింద ఫ్రేమ్, చైన్ కవర్ లోపలి ముఖం. రీపెయింట్ చేసేవాళ్ళు సాధారణంగా ఇవి విప్పరు. విప్పినా లోపలికి గన్ పట్టరు. ఎండ తగలదు కాబట్టి రంగు వెలవదు కూడా. ఏ నలుపుకి సరిపోల్చుకోవాలో చెప్పే నమూనా నాకు టూల్‌బాక్సు మూత లోపలే దొరికింది.

బయటి ముఖం మీద కిటికీ తెరవాలి. రూపాయి బిళ్ళంత చోటు చాలు. 400 వాటర్ పేపర్‌ని సబ్బు నీళ్ళలో తడిపి, చిన్న రబ్బరు ముక్కకి చుట్టి, మధ్యలో ఎక్కువా అంచుల్లో తక్కువా నొక్కుతూ గుండ్రంగా రుద్దితే పొరలు వలయాలుగా తేలతాయి. రేకు కాస్త కనబడగానే ఆపి 600, 1000, 2000 పేపర్లతో నునుపు చేసి, రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరిపించాలి. మెరుగు పెట్టకపోతే అన్ని రంగులూ తెల్లబారి బూడిదలా కనిపిస్తాయి. పొడిగా మాత్రం రుద్దొద్దు. ఆ కాలపు పెయింటుల్లో, ప్రైమర్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. తడి రుద్దుడూ, ముక్కుకి మాస్కూ తప్పనిసరి. రుద్దిన నీళ్ళు గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి.

నా ట్యాంకు మీద పైనుంచి కిందికి వరస ఇలా వచ్చింది: మెటాలిక్ నీలం, బూడిద సర్ఫేసర్ (రంగుకి ముందు ఉపరితలాన్ని నున్నగా చేసే పూత), ఎరుపు, పలచటి నలుపు, అక్కడక్కడా పుట్టీ, గట్టి నలుపు, రెడాక్సైడ్ రంగు ప్రైమర్, రేకు. ప్రైమర్‌కి నేరుగా అంటుకుని ఉన్న గట్టి నలుపే ముఖ్యం. పుట్టీకి పైన ఉన్నదేదీ ఫ్యాక్టరీది కాదు. కొత్త ట్యాంకుకి పుట్టీ పెట్టే అవసరం ఎవరికీ రాదు కదా.

ఏ పొర ఏ జాతిదో తెలుసుకోడానికి థిన్నర్ పరీక్ష ఉంది. దూదికి ఎన్‌సీ థిన్నర్ అద్ది పొర మీద పది సెకన్లు ఉంచాలి. రంగు వెంటనే కరిగి దూదికి అంటితే అది మన మెకానిక్కులు డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ పెయింట్. మెత్తబడి ముడతలు పడితే గాలికి ఆరిన సింథటిక్ ఎనామిల్. ఏమీ కాకపోతే ఓవెన్‌లో కాల్చిన స్టవింగ్ ఎనామిల్, లేదా ఈమధ్య వేసిన టూకే పెయింట్, అంటే గట్టిపడటానికి హార్డెనర్ కలిపి కొట్టేది. అడుగు పొర కదలకుండా, దానిమీది పలచటి నలుపు కరిగిపోయిందంటే అడుగుది ఫ్యాక్టరీలో కాల్చినదే అనుకోవచ్చు. 1978 నాటి బండి అడుగున టూకే ఉండదు. నా ట్యాంకు మీద పలచటి నలుపు కరిగింది, అడుగుది కదల్లేదు.

ఇక ముందు మడ్‌గార్డు. పైన నలుపు, దాని కింద మరో నలుపు, దాని కింద ఆలివ్ గ్రీన్, అన్నిటికీ అడుగున ప్రైమర్. ఒక్క మడ్‌గార్డే చూసి ఉంటే ఇది మిలటరీ బండి అని తేల్చేసేవాణ్ణి. వెనక మడ్‌గార్డు, ట్యాంకు, టూల్‌బాక్సు, ఫ్రేమ్, చైన్ కవర్ ఐదింటిలోనూ ఆలివ్ గ్రీన్ ఆనవాలే లేదు. అంటే ముందు మడ్‌గార్డు వేరే బండిది. సైన్యం వేలం వేసిన బుల్లెట్ల సామాను చెన్నైలో పాత బండ్ల సామాను అమ్మే పుదుపేటలో ఎప్పుడూ దొరుకుతూనే ఉంది. గుద్దుకుని వంగిన మడ్‌గార్డు తీసేసి అక్కణ్ణుంచి తెచ్చి ఎవరో బిగించారు. ఒక భాగం చెప్పిన మాట నమ్మకూడదు. కనీసం మూడు భాగాలు ఒకే మాట చెప్పాలి, వాటిలో ఒకటి నంబరు పడిన ఫ్రేమ్ అయ్యుండాలి.

ఆలివ్ గ్రీన్ సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. అడుగున నిజంగానే ఆ రంగు దొరికినా రోడ్డు మీద తిరిగే బండికి అది వేయడానికి వీల్లేదు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వ నియమం ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బండ్లకే. వేలంలో కొన్న మిలటరీ బుల్లెట్లకి నలుపు కొట్టి అమ్మడం వెనక కారణం ఇదే. అలాంటి బండి మీ దగ్గరుంటే, అడుగు పొర ఉన్న ఒక చిన్న భాగాన్ని చెరపకుండా అలాగే దాచి, మిగతాది ఆర్‌సీలో ఉన్న రంగులో వేయించడం మంచిదని నా అభిప్రాయం.

ఆర్‌సీలో ఒక రంగు, అడుగున మరో రంగు ఉంటే పెయింట్ కంటే ముందు ఆర్‌టీఓ పని చూసుకోవాలి. రంగు మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. 50 ఏళ్ళు దాటిన బండికైతే 2021 జులైలో వచ్చిన వింటేజ్ నియమాలున్నాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకి 5,000. నంబరులో 'వీఏ' అక్షరాలు వస్తాయి. బండి అసలు రూపంలో ఉండాలని, చాసిస్, బాడీ, ఇంజను మార్చేసి ఉండకూడదని అందులో స్పష్టంగా ఉంది. రోజువారీ తిరుగుడికి వాడకూడదు. నా బండికి 2028లో యాభై నిండుతాయి. ఇప్పటి పనంతా ఆ తేదీని దృష్టిలో పెట్టుకునే చేశాను.

నలుపు అంటే ఏ నలుపు

పెయింట్ కొట్లో 'బ్లాక్' అని అడిగితే జెట్ బ్లాక్ డబ్బా చేతిలో పెడతారు. దాన్ని పాత నలుపు పక్కన పెట్టి చూడండి, కొత్తది నీలంగా కొడుతుంది, పాతది కొంచెం గోధుమ ఛాయలో వెచ్చగా ఉంటుంది. నలుపుకి వాడే కార్బన్ బ్లాక్ రేణువులు ఎంత సన్నగా ఉంటే నలుపు అంత చిక్కగా, నీలం వైపు మొగ్గుతుంది. రేణువు లావైతే గోధుమ వైపు పోతుంది. పాతదనం వల్ల, ఎనామిల్ రెసిన్ పసుపెక్కడం వల్ల కూడా కొంత వెచ్చదనం వస్తుంది. అందుకే ఎండ చూసిన బయటి ముఖంతో కాక, టూల్‌బాక్సు మూత లోపలి రంగుతో పోల్చాను.

పోల్చే పద్ధతి ఇది. 10 సెంటీమీటర్ల రేకు ముక్కలు నాలుగు తీసుకుని, వాటికి బండికి వేయబోయే ప్రైమర్, సర్ఫేసరే వేసి, ఒక్కోదాని మీద ఒక్కో నలుపు రెండు కోట్లు (పూతలు) కొట్టించాను. రెండు రోజులు ఆరాక మెరుగు పెట్టిన పాత మూత పక్కన ఆనించి, పొద్దున పది గంటల ఎండలో ఒకసారి, ట్యూబ్‌లైటు కింద ఒకసారి చూశాను. ఎండలో కలిసిన రెండు ముక్కల్లో ఒకటి ట్యూబ్‌లైటు కింద విడిపోయింది. రెండు వెలుగుల్లోనూ కలిసినదే తీసుకోవాలి. చివరికి సరిపోయింది జెట్ బ్లాక్ కాదు, మామూలు సాలిడ్ నలుపులో ఛాయ మార్చే రెడాక్సైడ్ టింటర్ అతి కొంచెం కలిపినది. మెషీన్ మిక్సింగ్ చేసే కొట్లో తూకంతో కలిపించి, ఆ తూకం చీటీ దాచుకున్నాను. రేపు మడ్‌గార్డుకి గీత పడితే అదే నలుపు కావాలంటే ఆ చీటీయే దిక్కు.

మెరుపు విషయంలో చాలామంది శ్రుతి మించుతారు. అప్పటి ఫ్యాక్టరీ నలుపు అద్దంలా ఉండేది కాదు. దగ్గర్నుంచి చూస్తే నారింజ తొక్కలా సన్నటి గరుకు కనిపిస్తుంది. దాన్ని 2000 పేపరుతో పూర్తిగా చదును చేసి, మీద క్లియర్ (రంగులేని మెరుపు పూత) మూడుసార్లు కొడితే బండి కారు షోరూము నుంచి వచ్చినట్టు ఉంటుంది గానీ 1978 బుల్లెట్‌లా ఉండదు. నేను క్లియర్ కోటు లేని సింగిల్ స్టేజ్ టూకే నలుపే వేయించాను.

ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ చవక, పని ఒక రోజులో అయిపోతుంది. అయినా వద్దన్నాను. పౌడర్ పొర మామూలు పెయింట్ కంటే బాగా మందం. అంచులు గుండ్రంగా అయిపోతాయి, థ్రెడ్లు మూసుకుంటాయి, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్రేమ్ మీద కొట్టిన నంబరు పూడిపోతుంది. ఒకచోట పొర లేచిందంటే దాని కిందనుంచి తుప్పు పాకిపోతుంది, పైకి తెలియదు. సముద్రం గాలి తగిలే ఊళ్ళో ఈ లోపం ఇంకా త్వరగా బయటపడుతుంది.

పాత పొరలు తీయడం, కొత్తవి వేయడం

ఫ్రేమ్‌ని మాత్రమే బ్లాస్టింగుకి పంపాను. పంపేముందు నంబరు పడిన చోట సైకిలు ట్యూబు ముక్క వేసి, దానిమీద నాలుగు చుట్లు బట్ట టేపు చుట్టాను. స్టీరింగ్ బేరింగ్ కప్పులు కూర్చునే చోట్లకి చెక్క బిరడాలు కొట్టాను. నంబరు మీద ఇసుక తగిలి అక్షరాల అంచులు అరిగితే, రేపు ఆర్‌టీఓలో ఇన్‌స్పెక్టరుకి అది దిద్దిన నంబరులాగే కనిపిస్తుంది. ఆ చిక్కు ఏళ్ళ తరబడి తెగదు.

ట్యాంకు, మడ్‌గార్డులు బ్లాస్టింగుకి పంపకూడదు. పలచటి రేకు వేడికి, దెబ్బకి అలలు తిరుగుతుంది. ఇసుక ట్యాంకు లోపలికి పోతే కార్బురేటర్‌లోకి ఎన్నాళ్ళయినా వస్తూనే ఉంటుంది. ట్యాంకుకి పెయింట్ రిమూవరే. బ్రష్షుతో మందంగా పూసి, పాలిథిన్ కప్పి ఇరవై నిమిషాలు ఉంచితే పై పొరలన్నీ ఉబ్బి లేస్తాయి. కాల్చిన నలుపు ఒక్కసారికి లేవదు, రెండు మూడుసార్లు పట్టింది. తర్వాత నీళ్ళతో కడిగి థిన్నర్‌తో తుడవాలి. అతుకుల సందుల్లో రిమూవర్ కొంచెం మిగిలినా నెల తర్వాత కొత్త పెయింట్‌ని పొక్కులు పొక్కులుగా లేపుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. రిమూవర్ పూసేముందే బంగారు గీతల కొలతలు తీసుకోవాలి. ఆ సంగతి కింద వివరంగా రాశాను.

ట్యాంకు లీకు పరీక్ష పెయింట్‌కి ముందే. ట్యాప్ రంధ్రాలు మూసి, మూత స్థానంలో రబ్బరు బిరడాకి ట్యూబు వాల్వు పెట్టి, సైకిలు పంపుతో రెండు మూడు పీఎస్‌ఐ గాలి నింపి సబ్బు నీళ్ళు రాశాను. అంతకు మించి గాలి కొడితే ట్యాంకు పక్కలు ఉబ్బుతాయి. అడుగు అతుకు దగ్గర రెండు సూది బెజ్జాలు బయటపడ్డాయి. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి వారాల తరబడి ఉంటుంది. సోల్డరింగుకి ఇచ్చేముందు సోపు నీళ్ళతో నాలుగుసార్లు కడిగించి, పనిచేసే చోటు వరకూ నీళ్ళు నింపి ఉంచాలి. ఇది చాదస్తం కాదు, ప్రాణం విషయం.

సొట్టలు లోపలినుంచి కొట్టడానికి ట్యాంకులో చెయ్యి పట్టదు. టింకరింగ్ చేసే ఆయన వాషర్లు అతికించి బయటికి లాగాడు. మిగిలిన పల్లానికి పాలిస్టర్ పుట్టీ, అదీ రెండు మిల్లీమీటర్లు మించకుండా. మందం పెరిగితే ఇంజను అదురుకి, ఎండ వేడికి పుట్టీ అంచు వెంట సన్నటి గీతలా పగులుతుంది. బుల్లెట్ అదురు సంగతి చెప్పక్కర్లేదు.

రేకు మీద టూకే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, ఒక రోజు ఆరాక పుట్టీ, దానిమీద టూకే సర్ఫేసర్ రెండు కోట్లు. సర్ఫేసర్ మీద నలుపు పొగలా ఒక పలచటి విసురు కొట్టి 400 పేపరుతో రబ్బరు బ్లాకు పెట్టి రుద్దితే, పల్లాల్లో ఆ నలుపు మిగిలిపోయి ఎక్కడ సర్దాలో చూపిస్తుంది. తర్వాత 600, ఆఖర్న 800. నలుపు రంగు ఏ లోపాన్నీ దాచదు కాబట్టి ఈ రుద్దుడు మీదే ఎక్కువ రోజులు పోయాయి.

సామాను లెక్క: ట్యాంకు, రెండు మడ్‌గార్డులు, టూల్‌బాక్సు, ఎయిర్‌ఫిల్టర్ బాక్సు, హెడ్‌లైటు క్యాస్కెట్ (హెడ్‌లైటు కూర్చునే తొడుగు), చైన్ కవర్, ఫ్రేమ్ అన్నిటికీ కలిపి హార్డెనర్, థిన్నర్ కలవని నలుపు లీటరున్నర పట్టింది. ఎపాక్సీ ప్రైమర్ లీటరు, సర్ఫేసర్ లీటరు. క్యాస్కెట్ అల్యూమినియం పోత. దానికి మామూలు రెడాక్సైడ్ నిలవదు, ఎపాక్సీ లేదా లోహాన్ని కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమరే వేయాలి. గన్ నాజిల్ 1.3 మిల్లీమీటర్లు, గాలి రెండు బార్, దూరం జానెడు కంటే కొంచెం తక్కువ. కోటుకీ కోటుకీ మధ్య పది పదిహేను నిమిషాలు. హార్డెనర్ నిష్పత్తి డబ్బా మీద ఉన్నదే పాటించాలి. త్వరగా ఆరుతుందని ఎక్కువ కలిపితే పెయింట్ పెళుసెక్కుతుంది.

ట్యాంకుకి కొట్టిన మొదటి కోటు పాడైంది. వానపడి వెలిసిన మధ్యాహ్నం కొట్టారు. టూకే హార్డెనర్‌లోని ఐసోసయనేట్ గాలిలో తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, ఆ బుడగలు పొరలో ఇరుక్కుని సూదిపోట్లలా కనిపిస్తాయి. దానికి తోడు కంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు తీయలేదు. మొత్తం 600 పేపరుతో కిందికి దింపి మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెయింట్ పని పెట్టుకోవద్దనే చెబుతాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, మంచు తడి పోయాక పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు లోపు మంచి వేళ. గాలిగొట్టానికి తేమ పట్టే ఫిల్టరు ఉండాల్సిందే. ఆ ఐసోసయనేట్ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. చేతి రుమాలు దానికి అడ్డం కాదు, కార్ట్రిడ్జి మాస్కు ఉండాలి. పెయింటర్ అన్న వద్దన్నా సరే, కొనిచ్చి పెట్టించాను.

ఇంకో పొరపాటు టూల్‌బాక్సు దగ్గర జరిగింది. దానిమీద పాత ఎరుపు పూర్తిగా తీయకుండానే ప్రైమర్ కొట్టారు. పాత ఎరుపుల్లో కొన్ని పిగ్మెంట్లు థిన్నర్‌లో కరిగి పై పొరలోకి ఊరతాయి. నలుపు కింద అది కనబడకపోవచ్చు గానీ, బూడిద సర్ఫేసర్ గులాబీ రంగుకి తిరగడంతో పట్టుబడింది. మెరూన్ బండి మీద క్రీము గీతలో, లేత రంగులో వేయాలనుకునేవాళ్ళు పాత పొర రేకు దాకా తీసి తీరాలి.

బంగారు గీత

నల్ల బుల్లెట్‌కి ప్రాణం ఆ గీతలోనే ఉంది. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో ట్యాంకుల మీద గీతలు చేత్తోనే గీసేవారు. ఆ పని చేసే ఇద్దరు అన్నదమ్ములు స్కేలు, టేపు లేకుండా ఒక్క ఊపులో గీయడం వీడియోల్లో ప్రపంచమంతా చూసింది. అందుకే ఏ రెండు ట్యాంకుల గీతలూ అచ్చంగా ఒకటి కావు, ఒకే ట్యాంకుకి ఎడమ, కుడి కూడా కావు. నెట్‌లో దొరికే స్టిక్కర్ గీత రెండు పక్కలా ఒకేలా ఉంటుంది. కొంచెం అలవాటున్న కన్ను ఐదడుగుల దూరంనుంచే పట్టేస్తుంది.

ఎన్ని పొరలు వేసినా అడుగున గీత గట్టులా మిగిలే ఉంటుంది. చీకట్లో టార్చిలైటు ట్యాంకు పక్కకి ఆనించి, వెలుగు ఉపరితలం వెంట పాకేలా పెడితే నీలం రంగు కిందనుంచి గీత నీడ కనబడింది. ఆ నీడ మీద ట్రేసింగ్ పేపరు టేపుతో అంటించి, మెత్తటి పెన్సిలు అడ్డంగా రుద్దితే గీత అచ్చు దిగింది. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి. పేపరు మీదే ట్యాంకు అడుగు అతుకు, మూత స్థానాలు గుర్తు పెట్టుకున్నాను. లేకపోతే తర్వాత పేపరు ఎక్కడ ఆనించాలో తెలియదు. తర్వాత మూడు చోట్ల కిటికీలు తెరిచి వెడల్పు కొలిచాను. రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మధ్య, వంపుల దగ్గర కొంచెం సన్నం.

గీయడానికి నెల్లూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి మద్రాసులో బోర్డులు రాస్తూ స్థిరపడ్డ ఒక పెద్దాయన దొరికారు. బండ్ల మీద గీసిన అలవాటు ఆయనకి లేదు. పాత ట్యాంకొకటి నల్లగా కొట్టి నాలుగు రోజులు దానిమీద చెయ్యి తిప్పించాం. పొడుగు వెంట్రుకల లైనింగ్ బ్రష్షు, చిటికెన వేలు ట్యాంకు అంచుకి ఆనించి నడిపించడం, మధ్యలో ఆగకపోవడం, ఇంతే కిటుకు. నలుపు వారం రోజులు ఆరాక 2000 పేపరుతో గీత పడే దారి మాత్రం మెరుపు చంపాలి. తప్పు పోతే కిరసనాయిలు గుడ్డతో వెంటనే తుడిచి మళ్ళీ గీయొచ్చు. గట్టిపడ్డ టూకేకి ఏమీ కాదు. కుడి పక్క గీత మూడోసారికి కుదిరింది.

రంగు గురించి జాగ్రత్త. బజార్లో దొరికే గోల్డ్ పౌడర్ నిజానికి ఇత్తడి పొడి. వార్నిష్‌లో కలిపి గీసినప్పుడు ధగధగలాడుతుంది, ఏడాది తిరిగేలోపు గాలికి నల్లబడి, అంచుల్లో పచ్చటి చిలుం పడుతుంది. రెడీగా వచ్చే గోల్డ్ లైనింగ్ ఎనామిల్ అంత త్వరగా చెడదు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో ఇథనాల్ 20 శాతం దాకా కలిసి ఉంటుంది, మూత దగ్గర ఒలికిందంటే ఒట్టి ఎనామిల్ గీత మెత్తబడిపోతుంది. గీసేముందు ఎనామిల్లో కొన్ని చుక్కల టూకే హార్డెనర్ కలిపాం. కలిపాక గంటలోపు వాడేయాలి. మొత్తం బండికి 50 మిల్లీలీటర్ల ఎనామిల్ కూడా ఖర్చు కాలేదు. గీత మీద క్లియర్ వేయలేదు. గోటితో తడిమితే గీత తగలాలి, పాత ట్యాంకు మీద అలాగే తగిలింది.

బ్యాడ్జీలు

1978 బండికి 'రాయల్' ఉండకూడదు. ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970కల్లా అక్కడి కంపెనీ కథ ముగిసింది. ఇక్కడ 1955లో వాళ్ళు మద్రాస్ మోటార్స్‌తో కలిసి పెట్టిన కంపెనీ పేరు ఎన్‌ఫీల్డ్ ఇండియా. మొదట్లో విడిభాగాలు ఇంగ్లండు నుంచి తెచ్చి బిగించేవారు, 1962కల్లా అన్నీ ఇక్కడే తయారయ్యాయి. ఆ కంపెనీ ఐషర్ చేతికి పోయాక, 1990ల నడిమిలోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ పేరు మళ్ళీ వచ్చింది. నా ఆర్‌సీలో తయారీదారు గడిలో ఉన్నది ఎన్‌ఫీల్డ్ ఇండియానే. జీపీ రోడ్డు, పుదుపేట కొట్లలో 'పాత మోడల్ బ్యాడ్జీ' అడిగితే మాత్రం ఏ ఏడాది బండికైనా రెక్కల రాయల్ ఎన్‌ఫీల్డే ఇస్తారు. బావుందని బిగించేస్తారు జనం. బావుండటం వేరు, ఆ బండిది కావడం వేరు.

ట్యాంకు పక్కన పుట్టీ తీసినప్పుడు మర (స్క్రూ) బిగించే గుంటలు రెండు బయటపడ్డాయి. అంటే ఇది స్టిక్కర్ ట్యాంకు కాదు, లోహపు బ్యాడ్జీ బిగించిన ట్యాంకు. గుంటలు మూసుకుపోయి ఉంటే డ్రిల్లు పెట్టకూడదు. సూదిమొన పనిముట్టుతో పుట్టీ గీకి, థిన్నర్ చుక్క వేసి, థ్రెడ్‌ని శుభ్రం చేసే ట్యాప్ అనే పనిముట్టు సరైనది తీసుకుని చేత్తో తిప్పాలి. నా గుంటల్లో ఉన్నది పాత బ్రిటిష్ కొలత 2 బీఏ థ్రెడ్. దాని వ్యాసం 4.7 మిల్లీమీటర్లు, పిచ్ (ఒక చుట్టుకీ తర్వాతి చుట్టుకీ మధ్య దూరం) 0.81. ఇప్పటి 5 మిల్లీమీటర్ల మరకి పిచ్ 0.8. ఈ రెండూ ఎంత దగ్గరంటే, కొత్త మర మొదటి చుట్టు ఎక్కినట్టే ఎక్కి తర్వాత థ్రెడ్‌ని కోసుకుంటూ పోతుంది. మర పొడుగు కూడా చూసుకోవాలి. గుంట అడుగు తగిలాక ఇంకా బిగిస్తే రేకు లోపలికి చీలి పెట్రోలు కారుతుంది. అగ్గిపుల్లతో లోతు కొలిచి, బ్యాడ్జీ మందం కలిపి, ఒక మిల్లీమీటరు తగ్గించి మర కోయించాను.

సరైన 'ఎన్‌ఫీల్డ్' జత వారాల తరబడి తిరిగితే పాత సామాను కొట్టులో దొరికింది, తుప్పులాంటి తెల్ల పొక్కులతో. అయస్కాంతం అంటలేదు, వెనక గీకితే బూడిద రంగు, బరువుంది. అంటే జింక్ పోత. ఇది తెలుసుకోకుండా ప్లేటింగుకి ఇవ్వకూడదు. మొదట ఇచ్చిన చోట ఇనుప సామానుతో పాటే ఆసిడ్ తొట్టిలో ముంచారు, ఒక బ్యాడ్జీ అక్షరాల అంచులు కరిగి పోయాయి. జింకుని ఆసిడ్ తినేస్తుంది. దానికి పాత క్రోము జాగ్రత్తగా తీసి, ముందు సయనైడ్ కాపర్ పొర వేసి, ఆపైన మామూలు కాపర్, నికెల్, క్రోము వేయాలి. జింక్ పోత మీద పనిచేసిన అలవాటుందా అని అడిగి, చేసిన ముక్క చూసి, అప్పుడే ఇవ్వాలి. అల్యూమినియం బ్యాడ్జీ అయితే కాస్టిక్ సోడా దగ్గరికి పోనివ్వొద్దు, అది నురగలు కక్కుతూ కరిగిపోతుంది. కరిగిన బ్యాడ్జీకి బదులు మరొకటి వెతకడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

అక్షరాల గాడిలో రంగు నింపడం ఇంట్లోనే చేసుకోవచ్చు. గాడిని స్పిరిట్‌తో శుభ్రం చేసి, సూది తీసేసిన ఇన్సులిన్ సిరంజితోనో అగరుపుల్లతోనో ఎనామిల్ పొంగేలా నింపి, పావుగంట ఆగి, గట్టి అట్టముక్కకి నున్నటి గుడ్డ బిగుతుగా చుట్టి, టర్పెంటైన్ తడి మాత్రం చేసి పైనుంచి ఒక్కసారి లాగాలి. మెత్తటి గుడ్డ వేలికి చుట్టి తుడిస్తే గాడిలో రంగు కూడా వచ్చేస్తుంది. బ్యాడ్జీకీ ట్యాంకుకీ మధ్య పలచటి రబ్బరు షీటు కోసి పెట్టాను. లేకపోతే అదురుకి కొత్త నలుపు అరిగి, అక్కడ నీళ్ళు నిలిచి తుప్పు మొదలవుతుంది.

టూల్‌బాక్సు మీది అక్షరాలకి నీళ్ళలో నానబెట్టి జార్చే ట్రాన్స్‌ఫర్ వాడాను. గోరువెచ్చటి నీళ్ళలో అర నిమిషం, తడి ఉపరితలం మీద సర్ది, మెత్తటి రబ్బరుతో మధ్యనుంచి అంచులకి నీళ్ళు తోసేయాలి. ఒక రోజు ఆరాక దానిమీద మాత్రం పలచగా క్లియర్. మొదటి రెండు విసుర్లు పొడిపొడిగా పడాలి. ఒకేసారి తడిగా కొడితే థిన్నర్‌కి ట్రాన్స్‌ఫర్ ముడుచుకుపోతుంది. ముందు జాగ్రత్తగా రెండు జతలు తెప్పించి ఉంచుకోవడం మంచిదైంది.

ముందు మడ్‌గార్డు లోపలి వైపు, నంబరు ప్లేటు కింద పడే చోట, చేతి వెడల్పంత ఆలివ్ గ్రీన్‌ని మాస్కింగ్ చేసి వదిలేశాను. టూల్‌బాక్సు మూత లోపల పాత నలుపూ అలాగే ఉంది. తూకం చీటీ, ట్రేసింగ్ పేపర్లు రెండూ, కిటికీల ఫొటోలూ ఒక కవర్లో పెట్టి, ఆర్‌సీతో పాటు ఉంచాను. బండి చేతులు మారినా ఆ కవరు దాంతోనే పోవాలి.